యానాంలో రెండో జెండా

ప్రశ్న: మాది ఎదుర్లంక. వంతెన దాటి యానాం వెళితే ఆగస్టు 15 మరునాడు కూడా జెండా పండుగ కనిపిస్తుంది. ఫ్రెంచివారు యానాంను సంప్రదింపులతోనే వదిలినప్పుడు గోవాకు మాత్రం సైన్యాన్ని ఎందుకు పంపవలసి వచ్చింది?
– ఒక పాఠకుడు, కోనసీమ

జవాబు: ఉత్త సంప్రదింపులతోనే అనడం సరికాదు. 1954 జూన్ 13న దడాల రఫేల్ రమణయ్య నాయకత్వంలో విమోచనవాదులు యానాంలోకి ప్రవేశించి ఫ్రెంచి పాలనకు స్వస్తి చెప్పారు. అదే సంవత్సరం నవంబరు 1న పుదుచ్చేరి, కారైకాల్, మాహేలతోపాటు యానాం పాలన భారత ప్రభుత్వానికి అందింది. అయితే చట్టరీత్యా అది మనదైన రోజు 1962 ఆగస్టు 16. మీరు చూసిన రెండో జెండా ఆ రోజుకు గుర్తు.

మధ్యలోని ఎనిమిదేళ్ళే మన దౌత్యానికి అసలు పరీక్ష అని నా అభిప్రాయం. 1956 మే 28న విలీన ఒప్పందంపై సంతకాలైనా, అల్జీరియా యుద్ధంలో కూరుకుపోయిన ఫ్రాన్సులో పార్లమెంటు ఆమోదం 1962 దాకా రాలేదు. పాలన చేతికి వచ్చింది కనుక కాగితం ఆలస్యమైనా నష్టం లేదని గ్రహించిన ఢిల్లీ, ఎదుటివారి పరువుకు భంగం కలగనివ్వలేదు. ఒప్పందం అమలులోకి వచ్చిన ఆరు నెలల్లోగా లిఖితపూర్వకంగా కోరుకున్న స్థానికులు ఫ్రెంచి పౌరులుగానే కొనసాగవచ్చునన్న వెసులుబాటు కూడా అందులో ఉంది. అప్పుడప్పుడే నిలదొక్కుకుంటున్న దేశం అంత నిబ్బరం చూపడం చిన్న విషయం కాదు.

గోవా విషయంలో లోపించినది మన ఓపిక కాదు. అది వలస ప్రాంతమే కాదని, పోర్చుగల్‌లో అంతర్భాగమని ఆ దేశ నియంత సలజార్ పట్టుబట్టడంతో మాట్లాడుకోవడానికి విషయమే మిగలలేదు. స్వాతంత్ర్యం వచ్చిన తరువాత పద్నాలుగేళ్ళు వేచి చూసి, 1961 డిసెంబరులో సైన్యాన్ని పంపి, 19వ తేదీకల్లా గోవాను విముక్తం చేశారు. భద్రతా మండలిలో మనకు వ్యతిరేకంగా వచ్చిన తీర్మానాన్ని సోవియట్ యూనియన్ వీటోతో అడ్డుకుంది. ఆ చర్య న్యాయమైనదే, కాని మరొకరి వీటో అండ అవసరమైంది. యానాంకు అలాంటి అవసరం రాలేదు.

1998లో పోఖ్రాన్ అణు పరీక్షల తరువాత అమెరికా, జపాన్ ఆంక్షలు విధించినప్పుడు ఫ్రాన్సు వాటితో చేయి కలపలేదు. దానికి యానామే కారణమని అనను. కాని ఆనాటి విలీనం రెండు దేశాల మధ్య కక్ష మిగల్చలేదన్నది మాత్రం నిజం. గోవాపై మన సార్వభౌమత్వాన్ని పోర్చుగల్ గుర్తించడానికి అక్కడి నియంతృత్వం కూలి, 1974 డిసెంబరు 31న ఒప్పందం కుదరవలసి వచ్చింది.