ఫోన్‌లో మ్యాప్ ఉండగా ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ గీయడం దండగ కాదా?

"అందరి ఫోన్లలోనూ మ్యాప్ ఉంది, ఫ్రీగానే వస్తోంది. మరి జీతం భత్యం లేకుండా కూర్చుని ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో ఊళ్లూ రోడ్లూ గీసేవాళ్లకి పనీపాటా లేదా? దానివల్ల మన పల్లెలకి ఒరిగిందేమైనా ఉందా? కంప్యూటర్ రానివాళ్లు కూడా చేయొచ్చా?" అని ఒకరు అడిగారు.

పనీ ఉంది, పాటూ ఉంది. ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ అంటే ఎవరైనా గీయగలిగే, ఎవరైనా ఫ్రీగా వాడుకోగలిగే ప్రపంచ మ్యాపు. మాది శ్రీకాకుళం జిల్లా సోంపేట పక్క పల్లె, నేను మోటార్ మెకానిక్‌ని. కాలిన మోటారుకి వైండింగ్ చుట్టడం, ఫుట్‌వాల్వు మార్చడం, స్టార్టరు బాగుచేయడం నా జీవనం. రైతు ఫోన్ చేసి "మోటారు పట్టేసింది, రా" అంటాడు. ఎక్కడికి రావాలి? "మదుం (తూము) దాటినాక కొబ్బరితోట పక్కనించి వచ్చి, తాడిచెట్టు కాడ కుడికి తిరుగు." మీ ఫోన్‌లో ఉన్న మ్యాపు ఈ చిరునామా చెప్తుందా? చెప్పదు. దుకాణం, హోటలు, పెట్రోలు బంకు ఉన్నచోట దానికి ఎక్కడలేని శ్రద్ధ. మోటారు షెడ్డుకి వెళ్లే గట్టు దారి గీస్తే వాళ్లకేం వస్తుంది? వ్యాపారం వాళ్లది, తప్పు పట్టను. అది మన పల్లెకి సరిపోతుందని మాత్రం నాతో అనకండి. మా ఊరి గుర్తు హైవే పక్కన టీకొట్టు మీద పెట్టారు. కొరియర్ కుర్రాడు వచ్చిన ప్రతిసారీ అక్కడ ఆగి "అన్నా, ఊరెక్కడ?" అని ఫోన్ చేస్తాడు. టీకొట్టాయనకి బేరం బాగానే ఉంది.

నాకీ పిచ్చి అంటించింది మా మేనల్లుడు. విశాఖలో ఇంజినీరింగ్ చదివేవాడు, కరోనా లాక్‌డౌన్‌లో మా ఇంట్లో ఇరుక్కుపోయాడు. పొద్దస్తమానం ల్యాప్‌టాప్‌లో ఎక్కడో ఆఫ్రికా గుడిసెల చుట్టూ గీతలు గీస్తుంటే ఏం చేస్తున్నావురా అన్నాను. అప్పుడు చెప్పాడు హైతీ సంగతి. 2010 జనవరి 12న అక్కడ భూకంపం వచ్చింది. పోర్ట్ ఓ ప్రిన్స్ రాజధాని నగరమే అయినా పనికొచ్చే మ్యాపు లేదు. ప్రపంచం నలుమూలల నుంచి వందలమంది ఎవరింట్లో వాళ్లు కూర్చుని ఉపగ్రహం తీసిన ఫోటోల మీద వీధులు గీసి, రోజుల్లోనే మ్యాపు తయారుచేశారు. సహాయానికి వెళ్లినవాళ్లు దాన్నే జీపీఎస్‌లలో ఎక్కించుకుని తిరిగారట. అందులోంచే హాట్ (హ్యుమానిటేరియన్ ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ టీమ్) అనే సంస్థ పుట్టింది. 2014లో రెడ్‌క్రాస్, సరిహద్దుల్లేని వైద్యుల సంస్థతో కలిసి మిస్సింగ్ మ్యాప్స్ అనే కార్యక్రమం మొదలుపెట్టారు. ఆపద వచ్చాక గీయడం కాదు, రాకముందే గీసి పెట్టాలన్నది దాని ఆలోచన. మరుసటి ఏడు నేపాల్ భూకంపానికి ఖాట్మండు కుర్రాళ్లు ముందే గీసి ఉంచింది ఎంత అక్కరకొచ్చిందో కూడా వాడే చెప్పాడు.

వాడు హైతీ అంటుంటే నాకు తిత్లీ తుఫాను కళ్లకు కట్టింది. 2018 అక్టోబర్ 11 తెల్లవారుజామున పలాస దగ్గర తీరం దాటింది కదా. ఉద్దానంలో, అంటే మా తీరప్రాంతంలో, తరాలుగా పెంచిన కొబ్బరి, జీడిమామిడి తోటలు ఆ ఒక్క రాత్రికే నేలకూలాయి. ఆ తరవాత వచ్చిన బియ్యం లారీలు, నీళ్ల ట్యాంకర్లు ఎక్కడ ఆగాయో ఆ రోజుల్లో ఇటువైపు ఉన్నవాళ్లనెవరినైనా అడగండి. అన్నీ రోడ్డు పక్క ఊళ్లలోనే. ఒక్కో ఊరికి రెండుసార్లు ముట్టాయి, తోటల వెనకనున్న పల్లెల మొహం ఎవరూ చూడలేదు. డ్రైవర్లు పాపం ఎక్కడెక్కడి నుంచో వచ్చినవాళ్లు. చెట్టు పడి ఒక దారి మూసుకుపోతే వెనక ఇంకో దారి ఉందని వాళ్లకెలా తెలుస్తుంది? ఒక లారీ ముందు నా బండి మీద నేనే దారి చూపిస్తూ వెళ్లాను. మ్యాపులో ఉంటే ఆ డ్రైవరుకి నాతో పనేముంది?

కాబట్టి ఒరిగిందేమైనా ఉందా అంటే, ఉంది. కానీ ఇక్కడ ఒక మాట చెప్పాలి, ఇది మా మేనల్లుడికి నచ్చదు. దూరాన కూర్చుని గీసేవాళ్ల పని సగం పనే. ఉద్దానంలో కొబ్బరాకుల కింద దారులు ఆకాశం నుంచి కనిపించవు. వాళ్లకి పచ్చగా కనబడుతుంది, పచ్చరంగు వేసి వెళ్లిపోతారు. ఎవడో పుణ్యాత్ముడు మా పక్క ఊరి కళ్లాల్లో గడ్డివాములన్నిటినీ గుండ్రటి ఇళ్లుగా గీశాడు. సంక్రాంతి వెళ్లి గేదెలు గడ్డి తినేస్తే ఆ ఇళ్లు మాయం! సముద్రం వైపు రొయ్యల చెరువుల్ని సరస్సులన్నాడు ఇంకొకడు. ఈమధ్య మనిషి కూడా అక్కర్లేదు, కంప్యూటరే ఫోటో చూసి ఇళ్లు గుర్తుపడుతోంది. పట్నాల్లో బాగానే పడుతుందేమో, మా దగ్గర కోళ్ల షెడ్డుకీ మనుషులుండే పాకకీ తేడా దానికి తెలియదు. పేర్లయితే అసలే రావు. ఏ గెడ్డ (వాగు) పేరేమిటో ఉపగ్రహానికి ఎవరు చెప్తారు?

ఇక నేను అసలు చెప్పాలనుకున్నది. ప్రశ్న అది కాకపోయినా వినండి.

మా దగ్గర బీల ఉంది. బయటివాళ్లకి చెప్పాలంటే చిత్తడి నేల. సోంపేట, కవిటి, ఇచ్ఛాపురం వైపు తోటలకీ సముద్రానికీ మధ్యన ఉంటుంది. వానాకాలం నీళ్లు, ఆ నీళ్లమీద ఎత్తిపోతల మోటార్లు, వాటితో వరి. చేపలు పట్టుకునేవాళ్లు పట్టుకుంటారు. ఎండాకాలం గేదెలకి మేత. నీళ్లు నిలిచే ఇలాంటి పొలాల్లో నత్తలుండబట్టే ఇచ్ఛాపురం దగ్గర తేలుకుంచికి ఏటా నత్తగుల్ల కొంగలు వచ్చి గూళ్లు పెడతాయి. అలాంటి బీలని కాగితాల మీద ఒట్టి బంజరు చేసి, 2008లో అందులో దాదాపు వెయ్యి ఎకరాలు థర్మల్ కరెంటు కంపెనీకి ఇచ్చారు. 2010 జూలై 14న, ప్లాంటు వద్దన్న జనం మీద పోలీసు కాల్పులు జరిగి ప్రాణాలు పోయాయి. పర్యావరణ అనుమతిని జాతీయ పర్యావరణ అప్పీలేట్ అథారిటీ ఆ నెలలోనే కొట్టేసింది. మరుసటి ఏడాది ఫిబ్రవరిలో కాకరాపల్లి తంపరలోనూ (అదీ ఇలాంటి చిత్తడి నేలే, అక్కడా థర్మల్ ప్లాంటే) కాల్పులే.

ఓ ఎండాకాలం మోటారు పనికి వెళ్లి, పని అయ్యాక బీల అంచున నడుస్తున్నాను. ఫోన్‌లో జీపీఎస్ రికార్డు అవుతోంది. తూము కనబడితే ఫోటో తీశాను. గేదెలు మేపుతున్న ముసలాయన దూరం నుంచి చూసి, కర్ర పట్టుకుని వచ్చేశాడు.

"ఎవల్రా నువ్వు? ఏటా ఫోటోలు?"

"మ్యాపు కోసం తాతా" అన్నాను.

ఆ మాటకి ఆయన మొహం మారిపోయింది. "సర్వేవోడు వచ్చినాడ్రోయ్!" అని ఒక్క కేక. ఎక్కడినుంచి వచ్చారో అయిదారుగురు నా చుట్టూ చేరారు. నడిమి వయసు ఆవిడ కొడవలి చేతిలోనే ఉంచుకుని, "అప్పుడూ ఇలగే వచ్చినారు, కాగితాలట్టుకుని. ఏటి సూసినారో, ఏటి రాసినారో మాకు సెప్పినారా?" అంది. నేను మెకానిక్‌ని, ఫలానా ఊరివాణ్ణి, ఫలానా ఆయన మోటారు ఇప్పుడే బాగుచేసి వస్తున్నాను అంటే ఎవరూ నమ్మలేదు. చివరికి చేతులకున్న గ్రీజు చూపించాల్సి వచ్చింది. ఒక కుర్రాడు నా ఫోన్ లాక్కుని మ్యాపు పెద్దది చేసి చూశాడు. మేం నిలబడ్డ చోట ఏమీ లేదు. ఒక గీత లేదు, పేరు లేదు, ఒట్టి తెల్లకాగితం.

"ఇక్కడేటీ నేదు తాతా, కాళీ అని ఉంది."

"నేదా?" అన్నాడు ముసలాయన. "మరి నా గేదెలు ఎక్కడ మేస్తన్నాయి, ఆకాశంలోనా?"

అదే చెప్పాను. ఖాళీగా ఉంది కాబట్టే వచ్చాను తాతా, ఏముందో నువ్వు చెప్తే నేను రాస్తాను అని. కాసేపు నన్ను ఎగాదిగా చూసి, తాడిచెట్టు కింద కూర్చుని, "రాసుకో" అన్నాడు. ఇక ఆపితే ఒట్టు. ఏ మదుం ఎవరి తాత కట్టించాడు, ఏ కాలువలో నీరు ఎటు పోతుంది, ఎక్కడ గేదె దిగితే కూరుకుపోతుంది, అన్నీ. నీళ్లు ఎక్కడిదాకా వస్తాయన్న దగ్గర కొడవలావిడకీ ఆయనకీ తగువు పడింది. ఆ గట్టు దాటవని ఈయన. "నా పెళ్లయిన ఏడు ఈ తాడిచెట్టు మొదట్లోకి వచ్చినాయి, సీర తడిసిపోతే నవ్వినావు, మరిసిపోనావా మావా?" అని ఆవిడ. ఆవిడే గెలిచింది. నీటి అంచుని తాడిచెట్టు దాకా గీశాను, తాడిచెట్టునీ పెట్టాను. ఒంటిచెట్టుకి కూడా అందులో ట్యాగు, అంటే ఇది ఫలానా అని చెప్పే గుర్తు, ఉంది.

ఇప్పుడు ఆ చోట చిత్తడి నేల అని ఉంటుంది, ఏడాదిలో కొన్నాళ్లే నీరు నిలుస్తుందని కూడా. ఈ రెండో ముక్క ముఖ్యం. దూరాన ఉన్నవాడికి మే నెలలో తీసిన ఫోటో దొరికితే బీల అంతా ఎండుగడ్డి, ఒట్టి బయలు. అక్టోబరు ఫోటో దొరికితే చెరువు. రెండూ అబద్ధమే. అప్పట్లోనే మ్యాపులో ఆ నీళ్లు గీసి, పేర్లు రాసి ఉంటే బంజరని రాయడానికి ఎవడికైనా చెయ్యి వణికేదని నా నమ్మకం. మ్యాపు చూసి ప్రాజెక్టులు ఆగుతాయా అని మా మేనల్లుడు నవ్వుతాడు. నవ్వనీ. ఖాళీగా కనబడిన చోటు మీదే అందరి కన్నూ పడుతుంది, ఇది నేను యాభై ఏళ్లు దాటిన వయసులో చెప్తున్న మాట.

ఇక రెండు మూడు అభ్యంతరాలు ఎప్పుడూ వినబడతాయి. "పెద్ద పెద్ద కంపెనీలు ఈ మ్యాపుని వాడుకుంటున్నాయి కదా, మనం వాళ్లకి వెట్టి చేస్తున్నట్టు కాదా?" వాడుకుంటున్నాయి, నిజమే. పంచాయతీ వేసిన రోడ్డు మీద కంపెనీ లారీ వెళ్తే రోడ్డు తవ్వేసుకుంటామా? షరతు ఒకటి ఉంది. ఎవరు వాడినా ఎవరిదో చెప్పాలి, ఆ సమాచారాన్ని మార్చి బయటికి ఇస్తే అదే షరతు మీద అందరికీ ఇవ్వాలి. "ఎవడో వచ్చి చెరిపేస్తే?" ఎవరు ఎప్పుడు ఏం మార్చారో మొత్తం చరిత్ర ఉంటుంది, వెనక్కి తిప్పొచ్చు. ఇంకొకటి, చాలామంది చేసే వెధవ పని: కంపెనీ మ్యాపు పక్కన పెట్టుకుని పేర్లు ఎక్కించడం. అది కుదరదు. వాళ్ల సొత్తు, తెలిస్తే తీసేస్తారు. కంటితో చూసింది, ఊళ్లోవాళ్లు చెప్పింది, అనుమతి ఉన్న ఉపగ్రహ చిత్రం మీద గీసింది, అంతే.

కంప్యూటర్ రాకపోయినా పర్వాలేదు. నాకు ఇప్పటికీ రాదు, పెద్ద గీతలన్నీ మేనల్లుడే గీస్తాడు. ఆండ్రాయిడ్ ఫోన్‌లో స్ట్రీట్‌కంప్లీట్ అని యాప్ ఉంది. ఊళ్లో నిలబడితే ఈ రోడ్డు సిమెంటా మట్టా లాంటి ప్రశ్నలు అదే అడుగుతుంది, జవాబు నొక్కితే చాలు. దుకాణాలకీ బడులకీ ఎవ్రీడోర్. నడిచిన దారి రికార్డు చేయడానికి ఓస్మ్‌ఆండ్. పేరు తెలుగులో రాయడానికి విడిగా గడి ఉంటుంది, దాన్ని వదిలేయకండి. సిగ్నల్ లేకపోతే కంగారు పడక్కర్లేదు, ఇంటికి వచ్చాక పంపుకోవచ్చు. ఒక జాగ్రత్త: మా ప్రాంతంలో ఫోన్ పట్టుకుని తిరిగేముందు ఊళ్లో పెద్దాయనకి చెప్పి వెళ్లండి. ఎందుకో పైన రాశాను.

సీతంపేట కొండల్లో సవర గూడేలకి తిరిగే టీచర్లు, నర్సులు ఎవరైనా ఇది చదువుతుంటే కింద రాయండి. 2022లో జిల్లా మారి మీది పార్వతీపురం మన్యం అయిందిగానీ మ్యాపులో ఆ గూడేలకి దారులు చాలా తక్కువ. ఏ వాలు మీంచి డోలీ దించుతారో, ఏ వంపు దాకా అంబులెన్స్ వస్తుందో తెలిసింది మీకే. గీయడం మా మేనల్లుడు నేర్పుతాడు. చదువైపోయింది, ఉద్యోగం వచ్చేదాకా వాడికి తీరికే.