ఎప్పుడూ ఇంట్లో ఉండడు, ఎప్పుడూ ఇంట్లోనే ఉండడు

సందేహం: ఇంగ్లీషు నుంచి పాఠాలు, నోటీసులు తెలుగు చేస్తుంటాను. ‘నాట్ ఆల్వేస్ ఎట్ హోమ్’, ‘నాట్ లాంగ్ ఆఫ్టర్ ద వెడ్డింగ్’, ‘నాట్ డైరెక్ట్లీ ఫ్రమ్ ద కంపెనీ’ లాంటివి ఎదురైతే తడబడుతున్నాను. ‘కాదు’ అనాలా, ‘లేదు’ అనాలా, క్రియనే వ్యతిరేకంలో పెట్టాలా? ఉన్న వరుసలో రాస్తే అర్థం తారుమారవుతోందని దిద్దేవాళ్లు అంటున్నారు. దీనికి నియమమేమైనా ఉందా?
– ఒక పాఠకురాలు, విశాఖపట్నం

సమాధానం: ఉంది. అయితే అది మాటల వరుసను బట్టి ఏర్పడిన నియమం కాదు. ఇంగ్లీషులో ‘నాట్’ దేని ముందు నిలబడితే దాని మీద పనిచేస్తుంది. తెలుగులో వ్యతిరేకం వాక్యం చివరికి చేరుతుంది. చాలాసార్లు విడి మాటగా కూడా ఉండదు, ‘చేయను, చేయవు, చేయడు’ అన్నట్టు క్రియలోనే కలిసిపోతుంది. కాబట్టి ఇంగ్లీషు వాక్యం చేతికి రాగానే ముందు ఒక ప్రశ్న వేసుకోండి: ఇందులో చెప్పిన పని జరిగిందా, జరగలేదా? జరిగి ఉంటే తెలుగు క్రియను వ్యతిరేకంలో పెట్టకూడదు. వ్యతిరేకాన్ని మరోచోట చూపించాలి. తప్పుల్లో ఎక్కువ భాగం ఈ ప్రశ్న వేసుకోకపోవడం వల్ల వచ్చేవే.

‘నాట్ డైరెక్ట్లీ ఫ్రమ్ ద కంపెనీ’నే తీసుకోండి. వాళ్లు యంత్రం కొన్నారు, కానీ మధ్యలో ఎవరో డీలరు ఉన్నాడు. ‘నేరుగా కంపెనీ నుంచి యంత్రం కొనలేదు’ అని రాస్తే అసలు కొన్నారో లేదో చదివేవాడికి తెలియదు. ‘యంత్రం కొన్నది నేరుగా కంపెనీ నుంచి కాదు’ అంటే సందేహం ఉండదు. ‘కొన్నది’ అన్న మాట పని జరిగిందని ముందే చెప్పేస్తుంది. ‘కాదు’ తన ముందున్న ‘నేరుగా కంపెనీ నుంచి’ అన్నంత వరకే పనిచేస్తుంది. ‘వచ్చింది బస్సులో కాదు’, ‘అడిగింది డబ్బు కోసం కాదు’ అని రోజూ మాట్లాడుకునే పద్ధతే ఇది. మాట్లాడేటప్పుడు ఎవరూ తప్పు చేయరు, రాసేటప్పుడే ఇంగ్లీషు వరుస అడ్డొస్తుంది.

‘కాదు’కీ ‘లేదు’కీ ఉన్న తేడా కూడా ఇక్కడే తేలుతుంది. ‘తాళంచెవి బల్ల మీద లేదు’ అంటే బల్ల మీద చూశాం, కనిపించలేదు. ‘తాళంచెవి ఉన్నది బల్ల మీద కాదు’ అంటే ఎక్కడో ఉంది, మీరనుకున్న చోటు సరికాదు. ఉనికిని కాదనేది ‘లేదు’. ఇది అది కాదని విడదీసేది ‘కాదు’. ఇంగ్లీషు ఈ రెంటికీ ఒకే ‘నాట్’ వాడుతుంది గనుక ఎంచుకునే బాధ్యత అనువాదకుడి మీద పడుతుంది.

కారణం చెప్పే చోట ఈ పొరపాటు మరీ ప్రమాదం. ‘ఒత్తిడి వల్ల రాజీనామా చేయలేదు’ అన్న వార్తా శీర్షికను చూడండి. ఒత్తిడి అడ్డుపడి రాజీనామా ఆగిపోయిందా? రాజీనామా చేశాడు గానీ కారణం ఒత్తిడి కాదా? రెండూ కుదురుతాయి. మొదటిది చెప్పాలంటే ‘ఒత్తిడి రావడంతో రాజీనామా ఆలోచన మానుకున్నాడు’ అనండి. రెండోదానికి ‘రాజీనామా చేసింది ఒత్తిడి వల్ల కాదు’ అనండి. ఇంగ్లీషు మూలంలో కూడా ‘డిడ్ నాట్ రిజైన్ బికాజ్ ఆఫ్ ప్రెషర్’ అని ఉంటే ఇదే అస్పష్టత ఉంటుంది. ముందువెనుకల వాక్యాలు చదివి తేల్చుకోవాలి తప్ప ఆ ఒక్క వాక్యాన్నే పట్టుకుని అనువదించకూడదు.

ఇక ‘నాట్ ఆల్వేస్ ఎట్ హోమ్’. నాకు కనిపించిన అనువాదాల్లో దీన్ని ‘ఎప్పుడూ ఇంట్లో ఉండడు’ అని రాసినవి తరచుగా ఉంటాయి. అది పూర్తిగా వేరే మాట. ఆ మనిషి ఏ వేళలో వెళ్లినా ఇంట్లో దొరకడని దాని అర్థం. ఎవరూ, ఎక్కడా, ఏదీ, ఎప్పుడూ అనే మాటలు వ్యతిరేక క్రియతో కలిస్తే ఒక్కటి కూడా మిగలకుండా తుడిచేస్తాయి. ‘ఎవరూ రాలేదు’ అంటే ఒక్కరూ రాలేదు. ‘అందరూ రాలేదు’ అంటే మాత్రం కొందరు వచ్చారనే మనకు వినిపిస్తుంది. అందుకే ‘ఎప్పుడూ’ ఉన్న వాక్యంలో ‘ఇంట్లో’కి ‘ఏ’ చేర్చి ‘ఎప్పుడూ ఇంట్లోనే ఉండడు’ అనండి. అప్పుడప్పుడు బయటికి వెళ్తుంటాడన్న సరైన అర్థం వస్తుంది. ఆ ఒక్క ‘ఏ’ వ్యతిరేకాన్ని తనవైపు లాక్కుని ‘ఎప్పుడూ’ని వదిలేస్తుంది. ఇంకా నిక్కచ్చిగా కావాలంటే ‘ఎప్పుడూ ఇంట్లోనే ఉంటాడని కాదు’. పాఠ్యపుస్తకాల్లో, వైద్య సూచనల్లో ఈ రెండో రూపమే మేలు. ‘ఈ లక్షణం ఎప్పుడూ మొదటి వారంలో కనిపించదు’ అని రాస్తే మొదటి వారంలో కనిపిస్తే ఆ జబ్బు కాదేమో అనుకుంటారు. ‘ఈ లక్షణం మొదటి వారంలోనే కనిపించాలని లేదు’ అనాలి.

క్రియావిశేషణం ‘నాట్’కి ముందుందా, వెనకుందా అన్నది ఇంగ్లీషులో అర్థాన్నే మార్చేస్తుంది. ‘క్లియర్లీ నాట్ ఇన్ హిజ్ హ్యాండ్‌రైటింగ్’ వేరు, ‘నాట్ క్లియర్లీ ఇన్ హిజ్ హ్యాండ్‌రైటింగ్’ వేరు. మొదటిది ‘ఆ రాత అతనిది కాదని స్పష్టంగా తెలుస్తోంది’. రెండోది ‘ఆ రాత అతనిదే అని స్పష్టంగా చెప్పలేం’. తెలుగులో రెంటినీ ‘స్పష్టంగా అతని రాత కాదు’ అని రాసేస్తే, ఒక మనిషిని నిర్దోషిగా తేల్చే మాటా, తేల్చలేమన్న మాటా ఒకటైపోతాయి. ‘ఎగ్జాక్ట్లీ’తోనూ ఇదే చిక్కు. ‘నాట్ ఎగ్జాక్ట్లీ ఎట్ సిక్స్’ని ‘కచ్చితంగా ఆరింటికి రాలేదు’ అంటే, రాలేదన్న సంగతే కచ్చితమని అర్థమవుతుంది. ‘సరిగ్గా ఆరింటికే అని కాదు గానీ, కాస్త అటూఇటూగా వచ్చాడు’ అంటే సరిపోతుంది. కొలతకు ‘సరిగ్గా’, నమ్మకానికి ‘కచ్చితంగా’ అని విడదీసి వాడుకుంటే ఈ గొడవ సగం తగ్గుతుంది.

‘నాట్ లాంగ్ ఆఫ్టర్ ద వెడ్డింగ్’, ‘నాట్ ఫార్ ఫ్రమ్ ద విలేజ్’ వీటికి భిన్నం. ఇక్కడ ‘నాట్’ పక్కనున్న కొలత మాటతో మాత్రమే జతకట్టి ఒక చిన్న కొలత అవుతుంది, వాక్యంలోని పని జోలికి పోదు. పెళ్లయిన కొన్నాళ్లకే ఊరు విడిచి వెళ్లాడు, ఊరికి దగ్గర్లోనే గుడి ఉంది. ఇక్కడ తెలుగులో వ్యతిరేకం అసలు అవసరమే లేదు. ‘పెళ్లి తర్వాత ఎక్కువ కాలం కాకుండా వెళ్లాడు’ అని రాయడం మూలానికి విధేయత కాదు, తెలుగుకు అన్యాయం. వ్యతిరేకం ఉంచాలనిపిస్తే మనకు మంచి నుడికారాలున్నాయి: ‘పెళ్లయి ఎన్నాళ్లో కాకముందే’, ‘ఊరికి ఎంతో దూరం లేదు’. ‘పట్టుమని నెల కూడా కాకముందే’ అన్నది ఇంకా ఘాటైనది. మూలంలో ఆశ్చర్యమో నిష్ఠూరమో ఉన్నప్పుడే అది నప్పుతుంది.

ఒట్టో యెస్పర్సన్ అనే డేనిష్ పండితుడు 1917లోనే ఈ రెండు రకాలనూ విడదీశాడు. ఒక మాటనో పదబంధాన్నో మాత్రమే తాకే నిషేధం ఒకటి, కర్తకూ క్రియకూ ఉన్న సంబంధాన్నే తెంచే నిషేధం ఇంకొకటి. 1964లో ఎడ్వర్డ్ క్లైమా అనే అమెరికన్ భాషాశాస్త్రవేత్త వీటిని గుర్తుపట్టే పరీక్షలు చూపించాడు. అందులో ఒకటి అనువాదకులకు బాగా పనికొస్తుంది. ‘నాట్’ పదబంధం వాక్యం మొదట్లో ఉన్నప్పుడు డిడ్, డజ్, హ్యాజ్, వజ్ లాంటివి కర్త కంటే ముందుకు వచ్చాయేమో చూడండి. ‘నాట్ లాంగ్ ఎగో ఇట్ రెయిన్డ్’లో ఏదీ ముందుకు రాలేదు. వాన పడింది. ‘నాట్ ఆఫెన్ డజ్ ఇట్ రెయిన్’లో ‘డజ్’ ముందుకొచ్చింది. వాన తరచుగా పడదు. ముందుకొస్తే తెలుగు క్రియ వ్యతిరేకం, రాకపోతే మామూలు క్రియ.

ఈ పరీక్షను గుడ్డిగా నమ్మితే మాత్రం ‘నాట్ ఓన్లీ’, ‘నాట్ అంటిల్’ దగ్గర దెబ్బతింటారు. ‘నాట్ ఓన్లీ ఇన్ హైదరాబాద్ డిడ్ ప్రైసెస్ రైజ్’లో ‘డిడ్’ ముందుకొచ్చింది, అయినా హైదరాబాద్‌లో ధరలు పెరిగాయి. ‘హైదరాబాద్‌లోనే కాదు, వరంగల్‌లోనూ ధరలు పెరిగాయి’ అనాలి. విభక్తి రెండు చోట్లా ఉండాలి. ‘హైదరాబాద్ మాత్రమే కాదు, వరంగల్‌లోనూ’ అంటే తూకం తప్పుతుంది. ‘కేవలం హైదరాబాద్‌లో మాత్రమే కాకుండా’ అని పత్రికల్లో రోజూ కనిపిస్తుంది. కేవలం, మాత్రమే, ఏ – ఈ మూడింటిలో ఒక్కటి చాలు. నా ఓటు ‘ఏ’కి.

‘నాట్ అంటిల్ మండే డిడ్ హి కమ్’ అంటే సోమవారం వచ్చాడు, అంతకుముందు రాలేదు. ‘సోమవారం వరకు రాలేదు’ అంటే సోమవారమైనా వచ్చాడో లేదో తేలదు. దీనికి తెలుగులో సిద్ధంగా ఉన్న మాట ‘గానీ’. ‘సోమవారం గానీ రాలేదు’ అంటే ఆలస్యమూ, రావడమూ రెండూ ఒకే చోట అందుతాయి. ‘పది దాటితే గానీ నిద్ర లేవడు’ అన్న వాక్యంలో ఉన్నదీ ఇదే. ఇంత చక్కని పనిముట్టును రాతలో వదిలేసి ‘సోమవారం వచ్చేంత వరకు రావడం జరగలేదు’ అని సాగదీయడం చూస్తే బాధేస్తుంది.

‘నాట్ ఈవెన్ ఇన్ ఢిల్లీ’ విషయంలో పరీక్ష సరిగ్గా పనిచేస్తుంది. పని జరగలేదు. ‘ఢిల్లీలో కూడా దొరకలేదు’. ‘కూడా’ అంటే ‘అక్కడితో పాటు ఇక్కడా’ అని కూడా అనిపిస్తుంది కాబట్టి, అనుమానం వస్తుందనుకుంటే ‘చివరికి ఢిల్లీలో సైతం’ అని మార్చండి.

మీరు నోటీసులు కూడా అనువదిస్తారు కనుక కొలతల సంగతి కాస్త ఎక్కువ చెప్పాలి. ఇక్కడ ఒక్క రోజు, ఒక్క అంకె తేడా వచ్చినా ఎవరికో నష్టం. ‘నాట్ లేటర్ దాన్ ద టెన్త్’లో 10వ తేదీ కలిసి ఉంది. ‘10వ తేదీ లోపు’ అంటే 10న ఇవ్వొచ్చా అని జనం అడుగుతారు, వాళ్ల సందేహం న్యాయమైనదే. ‘10వ తేదీ దాటకుండా’ అంటే అడగాల్సిన పనిలేదు. రాజ్యసభకు పోటీ చేసేవారి వయసు ‘నాట్ లెస్ దాన్’ 30 ఏళ్లు, లోక్‌సభకైతే 25 అని రాజ్యాంగం 84వ అధికరణ చెబుతుంది. దీన్ని ‘30 ఏళ్లు పైబడిన’ అని రాస్తే నిన్ననే 30 నిండినవాళ్ల అర్హత మీద అనుమానం పుడుతుంది. ‘30 ఏళ్లకు తగ్గకుండా’ అన్నదే సరైన మాట. రాష్ట్రాల నుంచి లోక్‌సభకు నేరుగా ఎన్నికయ్యేవారు ‘నాట్ మోర్ దాన్’ 530 అని 81వ అధికరణలో ఉంది. ‘530కి మించకుండా’ అంటే 530 కూడా ఉండొచ్చు, ‘530 లోపు’ అంటే 529 దగ్గర ఆగాలేమో అనిపిస్తుంది. దాటకుండా, తగ్గకుండా, మించకుండా: ఈ మూడూ హద్దును తమలో కలుపుకుంటాయి. మూలంలోని వ్యతిరేకాన్నీ నిలుపుతాయి.

‘వెంటనే’ లాంటి మాటను ఎక్కడ పెట్టాలన్నది ఇంకో చిక్కు. ‘డు నాట్ డ్రైవ్ ఇమ్మీడియట్లీ ఆఫ్టర్ టేకింగ్ ద టాబ్లెట్’ని ‘వెంటనే మాత్ర వేసుకున్న తర్వాత బండి నడపవద్దు’ అని రాస్తే ‘వెంటనే’ వెళ్లి ‘వేసుకున్న’కి అంటుకుంటుంది. ‘మాత్ర వేసుకున్న వెంటనే బండి నడపవద్దు’ అంటే చాలు, ‘తర్వాత’ అక్కర్లేదు. ఇక నిషేధ సూచనల్లో దూరం చెప్పేటప్పుడు విభక్తి కచ్చితంగా ఉండాలి. పోలింగ్ రోజున పోలింగ్ కేంద్రానికి వంద మీటర్ల లోపల ప్రచారం నిషిద్ధమని 1951 ప్రజాప్రాతినిధ్య చట్టంలో ఉంది. ‘కేంద్రానికి 100 మీటర్ల లోపల ప్రచారం చేయకూడదు’ అనాలి. ‘కేంద్రం నుంచి 100 మీటర్లలో చేయకూడదు’ అంటే ఆ దూరం ఎటు నుంచి ఎటు కొలవాలో మాట చెప్పదు.

చివరగా ‘నాట్ ఎంటైర్లీ వితౌట్ రీజన్’ లాంటి జంట వ్యతిరేకాలు. వీటికి భయపడాల్సిన పనిలేదు, తెలుగుకు వీటితో పాత పరిచయం. ‘అతని కోపానికి కారణం లేకపోలేదు’ అనేస్తాం. ‘ఎంటైర్లీ’ని కూడా పట్టుకోవాలంటే ‘బొత్తిగా కారణం లేకపోలేదు’. ‘పూర్తిగా కారణం లేకుండా కాదు’ అనకండి. అందులో ‘పూర్తిగా’ దేనికి చెందిందో వాక్యం ముగిసినా తెలియదు.