తమ్ముడిచ్చిన కెమెరా ఉంది, కోర్సులో చేరాలా?

ప్రశ్న: సార్, మాది తిరుపతి. మా తమ్ముడు ఉద్యోగానికి బెంగుళూరు పోతా వాడి పాత కెనాన్ కెమెరా నాకిచ్చి పోయినాడు, 18-55 లెన్సుది. ఆటో మోడ్‌లో పెట్టి తీస్తా ఉండాను గానీ ఫోన్లో వచ్చినంత బాగా కూడా రావడం లేదు. ఇక్కడ ఒకచోట బిగినర్స్ ఫోటోగ్రఫీ కోర్సు పెడతా ఉండారు, ఆదివారాలు మాత్రమే. మా ఆయనేమో యూట్యూబ్‌లో అంతా ఫ్రీగా ఉండాది, దానికి డబ్బులెందుకు అంటాడు. చేరమంటారా? కొత్త లెన్స్ కూడా కొనాల్నా?
– ఒక పాఠకురాలు

జవాబు: చేరండమ్మా. మీ ఆయన చెప్పింది నిజమే, అపర్చర్ (లెన్స్‌లో వెలుతురు వచ్చే కన్నం), షట్టర్ స్పీడ్ (ఎంతసేపు వెలుతురు రానివ్వాలనేది), ఐఎస్ఓ (వెలుతురిని కెమెరా ఎంత పెంచి చూపాలనేది) అంటే ఏందో తెలుగులోనే చక్కగా చెప్పే వీడియోలు ఉన్నాయి. కానీ మీరు తీసిన ఫోటో చూసి ఇదిగో ఇక్కడ చెడింది అని వీడియో చెప్పదు కదా, కోర్సుకి డబ్బు కట్టేది దానికే. అందుకే ఫీజు కట్టేముందు ఒక్కటి అడగండి, వారం వారం మా ఫోటోలు చూసి మాట్లాడతారా, బయటికి తీసుకుపోయి తీయిస్తారా అని. మొదటి వారమే పెళ్లి ఆల్బం డిజైన్, ఫోటోషాప్ అన్నారంటే అది ఇప్పుడు మీకు పనికిరాదు.

బయటికి పోవడం ఎందుకంటే, మే నెలలో మన గంగమ్మ జాతరకి వేషాలు కట్టినోళ్లు గంతులేస్తా వస్తుంటారు, సందులో నీడ, ఆటో మోడ్‌లో కెమెరా షట్టర్‌ని నిదానం చేసేస్తుంది, మొహం చెదిరిపోతుంది. అక్కడ షట్టర్ 1/500 సెకను పెట్టి, చాలని వెలుతురికి ఐఎస్ఓ 1600 దాకా పెంచాలి, గింజలు గింజలుగా వస్తే రానీండి, అది పర్లేదు, చెదిరిన మొహాన్ని మాత్రం తర్వాత ఎవరూ బాగుచేయలేరు. తలకోన జలపాతం దగ్గర దీనికి పూర్తిగా వ్యతిరేకం, ఐఎస్ఓ 100, ట్రైపాడ్ మీద అర సెకను, అప్పుడే నీళ్లు పాలలాగా జారతాయి, అదీ మబ్బు పట్టిన పొద్దున అయితేనే. ఈ రెండూ మీ చేత్తో తీస్తే షట్టర్ గురించి ఇంక ఎవరినీ అడగరు.

చంద్రగిరి రాజమహల్ దగ్గర ఇంకో తంటా. ఆకాశం తెల్లగా ఉందంటే కెమెరా ఆ వెలుగు చూసి మొత్తం ఫోటోని తగ్గించేస్తుంది, కట్టడం నల్లగా పడుతుంది, ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్ (ఫోటో వెలుగు పెంచే, తగ్గించే సెట్టింగు) +1 చేయండి. ఆకాశం కొంచెం మరీ తెల్లగా పోతే పోనీండి. శ్రీకాళహస్తిలో కలంకారీ వేసే వాళ్లని తీయాలంటే ముందు వాళ్లని అడగండి, ఒప్పుకుంటే ఫ్లాష్ ఆపేసి, కిటికీ వెలుతురు చేతుల మీద పడేటట్టు పక్కన కూర్చుని తీయండి, నాకు చాలా ఇష్టమైన పని అది. తిరుమల గుళ్లోకి మాత్రం కెమెరా, ఫోన్ ఏదీ తీసుకుపోకూడదు.

లెన్స్ ఇప్పుడే వద్దు. కోర్సు అయ్యాక కూడా ఇంట్లో, తక్కువ వెలుతురులో మొహాలే ఎక్కువ తీస్తున్నారనుకోండి, అప్పుడు 50 ఎంఎం ఎఫ్/1.8 లెన్స్ (ఎఫ్ అంకె ఎంత తక్కువైతే కన్నం అంత పెద్దది) కొనండి, మీ 18-55 జూమ్ చివర్లో ఇచ్చే దానికి దాదాపు 10 రెట్ల వెలుతురు లాగుతుంది. జూమ్ ఉండదు, ముందుకీ వెనక్కీ మీరే నడవాలి. ఈలోగా మీ తమ్ముడి లెన్స్‌ని టార్చి వెలుగులో చూడండి, లోపల సాలెగూడు మాదిరి కనిపిస్తే ఫంగస్, క్లాసులు మొదలయ్యేలోపల కెమెరా రిపేరు షాపులో చూపించండి.