మడమ నొప్పికి బేర్‌ఫుట్ షూస్: ముందు వెడల్పు మార్చండి, పలుచన సోల్ చివర్లో

బట్టల షాపులో పొద్దస్తమానం నిలబడే పని, పొద్దున మంచం దిగితే మొదటి నాలుగు అడుగులకు మడమలో సూది గుచ్చినట్టు నొప్పి, ఉండేది అనంతపురం, బేర్‌ఫుట్ షూస్ వేసుకుంటే తగ్గుతుందా అని ఒకరు అడిగారు. తగ్గొచ్చు. కానీ ఆన్‌లైన్‌లో తెప్పించుకుని, డబ్బా విప్పిన రోజే వేసుకుని షాపుకు పోయారంటే నొప్పి ఇంకా పెరగొచ్చు.

ఈ షూస్‌లో తేడాలు మూడు: వేళ్ల దగ్గర వెడల్పు, మడమ ఎత్తు లేకపోవడం, పలుచన సోల్. మూడింటినీ ఒకేసారి మార్చడం దగ్గరే అందరూ దెబ్బతింటారు.

వెడల్పు మాత్రం ఈ రోజే మార్చండి, దానివల్ల నష్టమేమీ లేదు. సాయంత్రం, అంటే పాదం కాస్త ఉబ్బి ఉన్నప్పుడు, కాగితం మీద పూర్తి బరువుతో నిలబడి పెన్సిల్ నిటారుగా పట్టుకుని గీత గీయించండి. రెండు పాదాలకూ గీయించండి, పెద్దదాన్నే లెక్కలోకి తీసుకోండి. షూ లోపలి అట్టను బయటికి లాగి ఆ గీత మీద పెడితే చిటికెనవేలు అట్ట దాటి రాకూడదు, పొడవైన వేలి ముందు 10–12 మి.మీ. ఖాళీ మిగలాలి. మన షాపుల్లో అడిగేది నంబరొక్కటే. ఆ నంబరు పొడవుకే, వెడల్పు ఊసే ఉండదు. బిగుతుగా ఉందంటే ఒక నంబరు పెద్దది చేతిలో పెట్టి, ‘నాలుగు రోజులు తొడిగితే సాగుతుంది సార్’ అంటారు. సాగదు. మడమ వదులై జారుతుంది, వేళ్లు మాత్రం అలాగే ఇరుక్కుని ఉంటాయి.

అసలు ఇబ్బంది రెండోదానితో. మామూలు రన్నింగ్ షూలో మడమ ముందరి పాదంకంటే 8–12 మి.మీ. ఎత్తులో ఉంటుంది. ఏళ్ల తరబడి అలా నడిచిన పిక్క కండరం పొట్టిబడి ఉంటుంది. ఒక్కసారిగా మడమను నేలకు దించితే ఆ కండరం మడమ ఎముకను పైకి లాగుతుంది, ఆ లాగుడు అరికాలి కింది పట్టీ మీద పడుతుంది. మీ నొప్పి ఉన్నది సరిగ్గా ఆ పట్టీ మడమకు అతుక్కునే చోటే. అందుకని ముందు ఒక పరీక్ష: బొటనవేలు గోడకు 10 సెం.మీ. దూరంలో పెట్టి, మడమ లేవకుండా మోకాలితో గోడను తాకండి. అందకపోతే మీకు జీరో డ్రాప్, అంటే మడమ ఎత్తు అసలే లేని షూ, ఇప్పుడే వద్దు. చెప్పులు కుట్టేవాళ్ల దగ్గర 2 మి.మీ. రబ్బరు షీటు ముక్కలు మూడు కోయించి, కొత్త షూలో మడమ కింద ఒకదానిమీద ఒకటి వేసుకోండి. మూడు వారాలకొక ముక్క తీసేయండి. తీసిన మర్నాడు పొద్దున నొప్పి పెరిగితే మళ్లీ పెట్టేయండి, ఇంకో రెండు వారాలు ఆగండి.

షూ మారిస్తే చాలదు, పాదానికి బలం కావాలి. మెట్టు అంచున ముందరి పాదం ఆనించి, వేళ్ల కింద చుట్టిన తువ్వాలు పెట్టి, ఒంటికాలి మీద మడమ పైకి లేపండి: లేపడానికి 3 సెకన్లు, పైన 2, దించడానికి 3. 12 సార్ల చొప్పున 3 విడతలు, రోజు విడిచి రోజు. రెండు వారాల తర్వాత వీపున సంచిలో బరువేసుకుని 10 చొప్పున 4 విడతలు, ఇంకో రెండు వారాలకు 8 చొప్పున 5. ఫలితానికి మూడు నెలలు పడుతుంది. అంత ఓపిక లేనివాళ్లే గుబ్బల గుబ్బల ఆక్యుప్రెషర్ చెప్పులు కొంటారు. నొప్పి ఉన్న మడమ కింద గుబ్బలు పెట్టడమేమిటో!

సోల్ పలుచన చివరి సంగతి. వారానికి మూడు రోజులు, 15 నిమిషాల నడకతో మొదలుపెట్టి వారానికి పదేసి నిమిషాలు పెంచండి. మీ ఊళ్లో పీటీసీ (పోలీసు శిక్షణ కళాశాల) గ్రౌండ్ లాంటి మట్టినేల మీద మొదలుపెట్టండి, సిమెంటు రోడ్డు మీద వద్దు. అడుగు చిన్నది చేయండి. నడకలో మడమ ముందు తాకడం సహజమే, మునివేళ్ల మీద నడవాలని వీడియోల్లో చెప్పేది పరుగుకు సంబంధించిన మాట. జోరుగా సాగుతున్న మూడో, నాలుగో వారంలో గమనించండి: పాదం పైభాగాన, రెండో మూడో వేళ్ల వెనక, వేలితో నొక్కితే ఒకే చోట చురుక్కుమని, కాస్త వాపు కనబడితే ఆ రోజే ఆపేయండి. అది ఎముక అలసట. మొదటి రెండు మూడు వారాలు ఎక్స్‌రేలో కూడా కనబడకపోవచ్చు, ‘ఏం లేదు’ అన్నారని మళ్లీ నడిస్తే ఎముక చిట్లుతుంది.

షాపులో పది గంటలు బండల మీద నిలబడేటప్పుడు మాత్రం 4 మి.మీ. సోల్ నేను సలహా ఇవ్వను. పలుచన సోల్ లాభమంతా నడకలో, పాదం వంగేటప్పుడు. కదలకుండా నిలబడితే మిగిలేది గట్టి నేల ఒక్కటే. పనికి వెడల్పుగా ఉండి 12–15 మి.మీ. మెత్తని సోల్ ఉన్నవి, సాయంత్రం నడకకు పలుచనవి. ఇంట్లో కడప బండల నేలైతే మంచం పక్కనే మెత్తని చెప్పులు పెట్టుకోండి, మొదటి అడుగు వాటిమీదే పడాలి. ఎం.సి.ఆర్. (మైక్రోసెల్యులర్ రబ్బరు) చెప్పులు అందుకు భేషుగ్గా పనికొస్తాయి, ‘అవి షుగరోళ్ల చెప్పులు’ అని నామోషీ పడొద్దు.

కంపెనీల మాటలకు పడిపోకండి. అయిదువేళ్ల షూస్ చేసే వైబ్రమ్, ఆరోగ్యానికి మంచిదని చేసిన ప్రచారం మీద అమెరికాలో వేసిన దావాలో 2014లో 37.5 లక్షల డాలర్లకు రాజీ చేసుకుంది.

షుగర్ ఉండి పాదాలు తిమ్మిరిగా ఉంటే, బొటనవేలు కీలు బిగుసుకుపోయి ఉంటే ఈ షూస్ జోలికే పోవద్దు. మొదటివాళ్లకు గాయమైనా తెలియదు, రెండోవాళ్లకు వంగే సోల్ నొప్పిని పెంచుతుంది. మిగతావాళ్లు కూడా ఏప్రిల్, మే నెలల్లో తారురోడ్డు మీద మిట్టమధ్యాహ్నం వీటితో తిరగొద్దు, వేడి నేరుగా అరికాలికి వస్తుంది. కంపచెట్లున్న దారిలో నడిచొస్తే సోల్ తిప్పి చూసుకోండి. ముల్లు 4 మి.మీ. రబ్బరులోంచి సులువుగా దూరుతుంది, సగం విరిగి లోపల ఉండిపోయినదాన్ని పట్టకారుతో లాగాకే మళ్లీ తొడగండి.