శిలిగురి నుంచి పొద్దున వెళ్లి రాత్రికి రావాలంటే: అడవికో రోజు, కొండకో రోజు

డిసెంబరులో అమ్మానాన్నలతో ఉత్తర బెంగాల్‌లోని శిలిగురిలో రెండు రోజులు ఉంటాం, రాత్రికి హోటల్‌కి తిరిగొచ్చేలా అడవీ, కొండా, కుదిరితే డార్జిలింగూ చూడొచ్చా అని అడిగారు. అడవి, కొండ హాయిగా చూడొచ్చు. డార్జిలింగ్ ఈసారికి వదిలేయండి. సీజన్లో ట్రాఫిక్‌తో కలిపి వెళ్లడానికే మూడు నాలుగు గంటలు పట్టొచ్చు. పెద్దవాళ్లకి కారులో కూర్చోవడమే మిగులుతుంది.

బ్యాంకు ట్రాన్స్‌ఫర్ మీద నేను అక్కడ మూడేళ్లకి కొంచెం తక్కువ ఉన్నాను. మనవాళ్లు అక్కడ పొరపాటు పడేది దూరం దగ్గర కాదు, పొద్దు దగ్గర. డిసెంబరులో సాయంత్రం నాలుగున్నర దాటిందంటే సూర్యుడు దిగిపోతాడు. ఐదున్నరకి చిమ్మచీకటి. మన ఊరి లెక్కన 'ఆరింటిదాకా వెలుతురుంటుందిలే' అని ప్లాన్ వేస్తే సగం రోజు పోయినట్టే.

నేనూ అలాగే దెబ్బతిన్నాను. భీమవరం నుంచి అమ్మానాన్న వచ్చినప్పుడు గోరుమారా నేషనల్ పార్కు అడవి, డార్జిలింగ్ దారిలోని కొండ ఊరు కర్సియాంగ్ రెండూ ఒకే రోజు చూపించేద్దామనుకున్నాను. మాట్లాడుకున్న డ్రైవర్ని అడిగితే 'హో జాయేగా' అన్నాడు. ఆ మాట నమ్మి తొమ్మిదింటికి తీరిగ్గా బయల్దేరాం. గోరుమారా పక్కనుండే లాటాగురి చేరేసరికి అక్కడి కౌంటర్లో మాకు కావాల్సిన సఫారీ టికెట్లు అయిపోయాయి. సరే, కొండైనా చూద్దామని వెనక్కి తిరిగి ఎక్కితే అక్కడ అంతా పొగమంచు. ఎదురుగా ఉన్న బండి లైట్లు తప్ప ఏమీ కనపడలేదు. మలుపుల్లో అమ్మకి వాంతులు. నాన్న ఒక్క మాట కూడా అనలేదు, నాకు అదే ఎక్కువ బాధనిపించింది.

మర్నాడు అమ్మకి రెస్టిచ్చి, ఆ తర్వాతి రోజు గోరుమారాకి మాత్రమే వెళ్లాం. ఈసారి తెల్లవారుజామునే బయల్దేరాం. శిలిగురి నుంచి గంటన్నర, రెండు గంటలు. సేవోక్ మీదుగా వెళ్తే తీస్తా మీద 1941 నాటి కరోనేషన్ బ్రిడ్జి దాటతారు, అక్కడివాళ్లు దాన్ని బాఘ్‌పూల్ అంటారు. నది దాటాక వచ్చే మైదానమే దువార్స్. భూటాన్ కొండల్లోకి వెళ్లే దారులు కాబట్టి ఆ పేరు, మన 'ద్వారం' మాటే.

గోరుమారాలో జాత్రాప్రసాద్ వాచ్‌టవర్‌కి టికెట్ దొరికితే వదలొద్దు. అటవీ శాఖ దగ్గర పనిచేసిన ఏనుగు పేరు అది. టవర్ మీది నుంచి కింద మూర్తి నది, దాని ఒడ్డున జంతువుల కోసం ఉప్పు వేసే చోటు కనపడతాయి. ముందు ఓ గంట నెమళ్లు తప్ప ఏమీ రాలేదు. తర్వాత గడ్డి కదిలింది. ఖడ్గమృగం ఒకటి మెల్లగా వచ్చి ఉప్పు దగ్గర తల దించి నిలబడిపోయింది. వీపు మీద తెల్ల కొంగ, పొట్ట కింది దాకా బురద. అందరూ ఊపిరి బిగబట్టి చూస్తుంటే నాన్న నా చెవిలో, "మన గేదె చెరువులోంచి లేచొచ్చినట్టే ఉందిరా" అన్నారు. ఆ దూరానికి ఫోన్ కెమెరా పనికిరాదు. బైనాక్యులర్ ఎవరి దగ్గరైనా అడిగి తీసుకెళ్లండి.

గోరుమారా గురువారం మూసేస్తారు. మీ రెండు రోజుల్లో గురువారం ఉంటే ఆ రోజు కొండకి పెట్టుకోండి. జూన్ మధ్య నుంచి సెప్టెంబరు మధ్య వరకు అసలు తెరవరు, మీకు ఆ గొడవ లేదు.

కొండ రోజుకి కర్సియాంగ్ చాలు. రోహిణి రోడ్డు మీద సుమారు 35 కిలోమీటర్లు, ఎత్తు 1,480 మీటర్ల దాకా. పంఖాబారి రోడ్డు దగ్గరదారే గానీ నిటారుగా ఉంటుంది, వాంతులయ్యే వాళ్లుంటే ఆ దారి వద్దని డ్రైవర్‌కి ముందే చెప్పండి. సుక్నా దగ్గర మహానంద అభయారణ్యం రోడ్డుకి ఆనుకునే ఉంటుంది. ఏనుగులు తిరిగే చోటు, ఫొటోలకని దిగొద్దు. ఏడింటికల్లా బయల్దేరితే ఎండ ఉండగానే పైకి చేరతారు. మధ్యాహ్నానికి మబ్బు కమ్మేయడం మామూలే.

మేం ఇంకో రోజు మళ్లీ కర్సియాంగ్ వెళ్లి చూశాం, పైన తిరగాల్సింది ఎక్కువేం లేదు. గిద్దాపహాడ్‌లో సుభాష్ చంద్రబోస్‌ని 1936లో నిర్బంధించిన ఇల్లు మ్యూజియంగా ఉంది, మా నాన్న అక్కడి నుంచి ఓ పట్టాన కదల్లేదు. మిగతా టైమంతా బజార్లో కూర్చున్నాం. పట్టాల మధ్య రెండడుగులే ఉండే టాయ్ ట్రైన్ దుకాణాల పక్క నుంచే, చెయ్యి చాపితే తగిలేంత దగ్గరగా పోతుంది. కూత వినపడగానే ఒక ముసలావిడ కమలాపండ్ల బుట్టని కాలితో ఇంత వెనక్కి నెట్టి, రైలు పోగానే మళ్లీ ముందుకి లాక్కుంది. లేవను కూడా లేవలేదు.

తిండి సంగతి. అక్కడ కూరలన్నీ ఆవనూనెతోనే. మా అమ్మకి ఆ వాసన పడక బయట తిరిగినన్నాళ్లూ ఇంటి నుంచి తెచ్చిన పులిహోర, అరటిపండ్లతో గడిపింది. వెజ్ మోమో ఒకటి మాత్రం కారం చట్నీతో బాగానే తింది.