మేస్త్రిని అడగండి: పడవ రివెట్లు కారుతుంటే

ప్రశ్న: మేస్త్రి గారికి నమస్కారం. పులికాట్ సరస్సులో తిరగడానికి 12 అడుగుల అల్యూమినియం పడవను పాతసామాను వేలంలో కొన్నాను. రేకుకు సొట్టలున్నాయి గానీ చిల్లులు లేవు. అయినా నీటిలో దింపిన అరగంటకే అడుగున రెండు బకెట్ల నీరు చేరుతోంది. రివెట్ల చుట్టూ తడి కనిపిస్తోంది. ఎంసీల్ మూడుసార్లు పూశాను. పది రోజులు ఆగుతుంది, మళ్లీ కారుతుంది. వెల్డింగ్ చేయించమని కొందరు, రివెట్లన్నీ మార్చమని కొందరు అంటున్నారు. మీరేమంటారు?
(ఒక పాఠకుడు, తడ మండలం)

జవాబు: నాలుగోసారి పూయవద్దంటాను. ఎంసీల్ మంచి సరుకే, మా ఇంటి సంపు పైపుకు నేనూ పెట్టుకున్నాను. కానీ అది ఎండితే రాయి. పడవ అడుగు రాయిలా ఉండదు కదా. అల తగిలిన ప్రతిసారీ రేకు కాస్త వంగి మళ్లీ సర్దుకుంటుంది. వంగే రేకు మీద వంగని ముద్ద ఎన్నాళ్లు నిలుస్తుంది? అంచున వెంట్రుకవాసి సందు దొరికితే చాలు, నీరు దూరిపోతుంది.

నేను పడవలు కట్టినవాణ్ణి కాదని ముందే చెప్పుకోవాలి. తిరుపతిలో బస్సు బాడీలు కట్టే షెడ్డులో 31 ఏళ్లు రేకు పని చేశాను. అక్కడా అల్యూమినియం రేకే, అక్కడా రివెట్లే. అందుకే ఆ పని నాకు కొట్టిన పిండి అనుకునేవాణ్ణి. మా తోడల్లుడిది మీ వైపే. అతని పడవలో ఐదు రివెట్లు వదులయ్యాయని కబురు పెడితే, పాప్ రివెట్ గన్ను సంచిలో వేసుకుని బస్సెక్కాను. పాతవి తీసేసి, పావుగంటలో ఐదు పాప్ రివెట్లు కొట్టి, చేతులు కడుక్కుని చేపల పులుసుతో భోజనానికి కూర్చున్నాను. మర్నాడు ఆ పడవలోనే ఇరకం దీవికి బయలుదేరాం. సగం దూరం కూడా పోకముందే నా చెప్పులు నా పక్కనే తేలడం మొదలుపెట్టాయి. పాప్ రివెట్ నడుమ ఉన్న మేకును గన్ను లాగి తెంపేస్తుంది, మిగిలేది సన్నని గొట్టం. బస్సు పక్కన వాన నీరు జారిపోతుంది గనుక అక్కడ ఎవరూ గమనించరు. పడవ అడుగున మాత్రం అది కుళాయి. ఐదు కుళాయిలు బిగించి వచ్చానన్నమాట. అక్కడ లోతు తక్కువ కాబట్టి దిగి, మోకాళ్ల దాకా బురదలో పడవను తోసుకుంటూ ఒడ్డుకు చేరాం. మా తోడల్లుడు ఇప్పటికీ నన్ను పదిమందిలో "బస్సు మేస్త్రి గారు" అనే పిలుస్తాడు.

కాబట్టి మీకు ఎవరైనా పాప్ రివెట్లు వేస్తామంటే ఒక్క మాట అడగండి: చివర మూసి ఉన్న రకమేనా? అవి టోపీలాగా ఒక కొస మూసుకుని ఉంటాయి. లోపలినుంచి చెయ్యి అందని మూలల్లో వాటిని సీలెంట్‌తో కలిపి వాడవచ్చు. చెయ్యి అందే చోట మాత్రం నడుమ గొట్టం లేకుండా నిండుగా ఉండే గట్టి రివెట్‌కు సాటి లేదు.

రివెట్ కారుతోందంటే సాధారణంగా దాని పట్టు సడలిందని అర్థం. ఎన్నో ఏళ్లు రేకు ఊగి ఊగి, రివెట్ తన రంధ్రంలో కదలడం మొదలుపెడుతుంది. పైపూత ఈ కదలికను ఆపలేదు. బిగింపే ఆపాలి. సీలెంట్ పని ఆ తర్వాత.

అయితే ఏది బిగించాలి? తడి కనిపించిన చోటే దోషం ఉందనుకోకండి. 2021 నవంబరు వానలకు మా రాయలచెరువు కట్టకు నీరు ఊరుతుంటే కింది ఊళ్లను ఖాళీ చేయించారు. ఊట బయటపడిన చోటు అందరికీ కనిపిస్తుంది, నీరు లోపల దూరిన చోటు కంటికి కనిపించదు. పడవలోనూ అంతే. రెండు రేకులు కలిసే అతుకు వెంబడి నీరు జానెడు దూరం పాకి, ఏ పాపమూ ఎరగని రివెట్ దగ్గర బయటికి వస్తుంది.

అందుకని పడవను ఒడ్డుకెత్తి, లోపల నీరు పోసి, బయటికి ఎక్కడ కారుతుందో చూడాలి. ఇక్కడ తొందరపడకండి. అడుగు 3 మీటర్ల పొడవు, ఒక మీటరు వెడల్పు అనుకుంటే, 10 సెంటీమీటర్ల ఎత్తు నీరు 300 లీటర్లు, అంటే 300 కిలోలు. రెండు కొసలా రెండు రాళ్లు పెట్టి ఆ బరువు మోయిస్తే పడవ నడుము కుంగిపోతుంది. పొడవునా నాలుగైదు చోట్ల ఇసుక బస్తాలో పాత టైర్లో ఆసరాగా పెట్టండి. దాని కింద మాత్రం దూరవద్దు. పక్కనుంచి టార్చి వేసి చూడండి. బయటి వైపు పొడిగా తుడిచి అతుకుల వెంబడి ముగ్గుపిండి పలుచగా రుద్దితే, మొదట తడిసిన చోటు నల్లబడి పట్టిస్తుంది. నీరు ఒక్కసారిగా నింపకండి. కాస్త పోయండి, ఆగండి, గుర్తు పెట్టండి, మళ్లీ పోయండి. తడిలో సుద్ద చెరిగిపోతుంది కాబట్టి మైనపు పెన్సిలుతో గుర్తు పెట్టుకోండి.

నీరంతా తోడేశాక మరో పరీక్ష ఉంది. మా మేస్త్రి దాన్ని "నాడి చూడటం" అనేవాడు. లోపల సగం రివెట్ మీద, సగం రేకు మీద పడేలా వేలు ఆనించండి. బయటినుంచి ఇంకొకరిని చిన్న సుత్తితో తట్టమనండి. వదులైనది వేలి కింద కదులుతుంది. రివెట్ చుట్టూ బూడిదరంగు మసి చారలాగా ఉన్నా అనుమానించవలసిందే. రాపిడికి అరిగిన అల్యూమినియం పొడి అది.

ఇక బిగింపు. దీనికి ఇద్దరు కావాలి. బయట ఒకరు రివెట్ తలకు డాలీ ఆనించి పట్టుకోవాలి, లోపల మరొకరు దాని తోకను, అంటే లోపలికి వచ్చిన కొసను, సుత్తితో కొట్టాలి. డాలీ అంటే బరువైన ఇనుప దిమ్మ. ఏ లేత్ షాపులోనైనా 2 కిలోల ముక్కకు, రివెట్ తల కూర్చునేంత గుంట చేయించుకోండి. గుంట లేకపోతే తల చదునైపోతుంది. నేను పనిలో చేరిన మొదటి రెండేళ్లు డాలీ పట్టడమే నా ఉద్యోగం. సుత్తి ఉన్నవాడిదే పనితనమని లోలోపల కుళ్లుకునేవాణ్ణి. డాలీ బరువు వెనక నిలబడకపోతే ఎంత కొట్టినా రివెట్ బిగియదని, రేకు మాత్రం సొట్టపడుతుందని నాకు సుత్తి చేతికి వచ్చాకే తెలిసింది. కాబట్టి మీ ఇద్దరిలో ఓపిక ఉన్నవారికి డాలీ ఇవ్వండి. నాలుగైదు గట్టి దెబ్బలతో పని అయిపోవాలి. నలభై చిన్న దెబ్బలు వేస్తే అల్యూమినియం బిరుసెక్కి తోక అంచు చిట్లుతుంది. ఒకటి బిగించాక దాని అటూ ఇటూ ఉన్న రెంటినీ నాడి చూడండి.

మీ పడవకు ఇంతటితో చాలావరకు కారడం ఆగవచ్చు. బిగియనివి, తల అరిగిపోయినవి మార్చాలి. తల నడుమ సెంటర్ పంచ్‌తో గుర్తు కొట్టి, రివెట్ కాడ లావు ఉన్న డ్రిల్ బిట్టుతో తల మందం వరకే తొలవండి. రేకులోకి దిగవద్దు. తలను ఉలితో ఎగరగొట్టి, కాడను పంచ్‌తో వెనక్కి నెట్టండి. కొత్త రివెట్ పొడవుకు లెక్క ఉంది: రేకుల మొత్తం మందం, దానికి కాడ వ్యాసం ఒకటిన్నర రెట్లు కలపాలి. రెండు రేకులు కలిసి 3.2 మిల్లీమీటర్లు, రివెట్ 4.8 మిల్లీమీటర్లది అనుకుంటే 7.2 కలిపి 10.4. కొట్టిన తర్వాత తోక 7.2 మిల్లీమీటర్ల వెడల్పు, 2.4 మిల్లీమీటర్ల ఎత్తు ఉంటే సరిగ్గా కూర్చున్నట్లు. రంధ్రం కోడిగుడ్డు ఆకారానికి వచ్చి ఉంటే పై సైజు, అంటే 6.4 మిల్లీమీటర్లది వేయాలి.

రివెట్ అల్యూమినియందే కావాలి. పడవ రేకులకు సాధారణంగా 5052 రకం మిశ్రమం వాడతారు, దానికి 5056 రివెట్ జోడీ. ఇనుప బోల్టు గానీ, రాగి, ఇత్తడి ముక్క గానీ వేశారా, మీ ఉప్పు నీటిలో అది బ్యాటరీలా పనిచేసి చుట్టూ ఉన్న అల్యూమినియాన్ని తెల్లని పొడిగా రాల్చేస్తుంది. ఆరణి, కాళంగి నదుల నీరు వచ్చిపడే రోజుల్లో పులికాట్ కాస్త చప్పబడినా, ఎండాకాలంలో ఉప్పు పెరుగుతుంది.

సీలెంట్ విషయం. పడవలకు వాడే పాలీయురేతేన్ రకం తీసుకోండి, ఎండినా రబ్బరులా సాగుతుంది. ముందు మీ ఎంసీల్ అంతా గీకి పారేసి, రేకును మెరిసేదాకా రుద్ది, ఆలస్యం చేయకుండా పూయండి. రుద్దిన అల్యూమినియం మీద గాలికే మళ్లీ ఆక్సైడ్ పొర కడుతుంది. రివెట్ పెట్టేముందు దాని కాడకు కూడా కాస్త పట్టించండి. సిలికాన్ మాత్రం వద్దు. దాని జిడ్డు మిగిలితే ఆ తర్వాత ఏదీ అంటుకోదు. డబ్బా మీద రాసినన్ని గంటలు ఆరనిచ్చి, ఒడ్డు మీదే మళ్లీ నీరు పోసి చూశాకే సరస్సులో దింపండి.

వెల్డింగ్ అన్నవారికి నమస్కారం పెట్టి పంపేయండి. అల్యూమినియం దాదాపు 660 డిగ్రీలకే కరుగుతుంది, దాని మీది ఆక్సైడ్ పొర కరగడానికి 2,000 డిగ్రీలు దాటాలి. గేట్లు, గ్రిల్లులు అతికే వెల్డర్ చేతిలో పడితే పొర కరిగేలోగా రేకు చిల్లుపడుతుంది.

సీట్ల కింద ఫోమ్ ఉంటే పారేయకండి. పడవ మునిగినా తేల్చేది అదే. నీరు పీల్చి బరువెక్కి ఉంటే అదే కొలతకు కొత్తది, నీరు పీల్చని రకం పెట్టండి.

ప్రశ్న: అన్నదానానికి వాడే పెద్ద అల్యూమినియం డేక్సాకు పిడి రివెట్ దగ్గర సాంబారు కారుతోంది. ఏదైనా సీలెంట్ పూయవచ్చా?
(ఒక పాఠకురాలు, చిత్తూరు)

జవాబు: వద్దమ్మా. పొయ్యి మీద పెట్టే పాత్రకు ఏ జిగురూ పనికిరాదు, సీసం కలిసిన టంకం అసలే వద్దు. పైన చెప్పినట్లే డాలీ ఆనించి నాలుగు దెబ్బలు వేయిస్తే చాలా పాత్రలకు కారడం ఆగిపోతుంది. ఆగకపోతే ఒక సైజు లావు అల్యూమినియం రివెట్ వేయించండి. చింతపండు పులుసు ఆ సందులో రాత్రంతా నిలిచి రేకును తినేస్తుంది కాబట్టి, వడ్డన కాగానే పిడి దగ్గర పీచుతో రుద్ది కడిగించండి.