ఆ గంట ఎవరిది?

తమ్ముడూ,

నీ మెయిల్ చదివాను. అన్నిసార్లు మేడమ్ అని రాయక్కర్లేదు, అక్కా అంటే చాలు. ఆంటీ మాత్రం వద్దు.

ఉద్యోగం మానేసి పూర్తిగా రాసుకుందామనుకుంటున్నానన్నావు. మానకు. తెలుగులో కథలు రాసి ఇల్లు నడిపినవాళ్లు, సినిమాల్లోకో సీరియళ్లలోకో వెళ్లినవాళ్లని వదిలేస్తే, ఎప్పుడూ తక్కువే. పత్రికలు పారితోషికం ఇస్తే ఒక నెల కరెంటు బిల్లు కట్టుకోవచ్చేమో. పుస్తకం వేసుకోవాలంటే చాలామంది సొంత డబ్బు పెట్టుకుని ఐదొందల కాపీలు వేసుకుని, అందులో సగం వచ్చినవాళ్లకీ పోయినవాళ్లకీ పంచిపెడుతున్నారు. నెలనెలా జీతం పడుతుంటే ఒక సుఖం ఉంది, ఎవరి మెప్పు కోసమో నీకు ఇష్టంలేని కథ రాయాల్సిన అవసరం రాదు.

పైగా మనవాళ్లలో ఉద్యోగాలు చేసుకుంటూ రాసినవాళ్లే ఎక్కువ. కారా మాస్టారు, అదే కథకుడు కాళీపట్నం రామారావు గారు, విశాఖపట్నంలో లెక్కల మాస్టారు. రావిశాస్త్రి గారు ప్లీడరు, ఆ కోర్టు వరండాల్లో తిరగకపోయి ఉంటే సారా కేసుల్లో ఇరుక్కున్న ఆ మనుషులు, వాళ్ల మాట తీరుతో సహా, ఆయన కథల్లోకి వచ్చేవాళ్లా? కేశవరెడ్డి గారు నిజామాబాద్ జిల్లాలో కుష్ఠు రోగులకు వైద్యం చేస్తూనే నవలలు రాశారు. పాలగుమ్మి పద్మరాజు గారు కాలేజీలో సైన్సు పాఠాలు చెప్పేవారు, 'గాలివాన'కి 1952లో ప్రపంచ కథల పోటీలో రెండో బహుమతి వచ్చింది.

సరే, ఈ పేర్లు నీకు ఇప్పటికే ఎవరో ఒకరు చెప్పే ఉంటారు. చదివి ధైర్యం తెచ్చుకో, తప్పులేదు. కానీ నేను చెప్పిన పేర్లన్నీ మగవాళ్లవే అని గమనించావా? ఆ రోజుల్లో ఇంట్లో మగమనిషి రాసుకుంటున్నాడంటే, అవతల గదిలో పిల్లల్ని "ష్, నాన్నగారు రాసుకుంటున్నారు" అని కసిరే మనిషి ఒకరు ఉండేవారు. ఆ మనిషి పేరు ఏ పుస్తకం అట్ట మీదా ఉండదు.

నీ మెయిల్లో "మా ఆవిడ బాగా సపోర్ట్ చేస్తుంది" అన్న వాక్యం దగ్గర నేను ఆగిపోయాను. ఎలా చేస్తోందో రాయలేదు. నువ్వు చెప్పిన వివరాల్ని బట్టి నేనే లెక్క వేశాను. నీది మధ్యాహ్నం షిఫ్టు, ఇంటికొచ్చేసరికి అర్ధరాత్రి. ఆ అమ్మాయి పొద్దున్నే స్కూల్లో పాఠాలు చెప్పడానికి వెళ్లాలి. రెండేళ్ల పిల్లాడు. శని, ఆదివారాలు నువ్వు తలుపేసుకుని రాసుకుంటావు. అంటే ఆమెకి వారంలో దొరకాల్సిన ఆ కాస్త ఖాళీయే నీకు రాసుకునే టైము అవుతోంది. తీసుకోవద్దని నేను అనను. రాసేవాళ్లందరం ఎవరి దగ్గరో ఒకరి దగ్గర తీసుకుంటాం. కాకపోతే అది ఆమెదని తెలిసి, అడిగి తీసుకో. తీసుకున్నంతా తిరిగి ఇయ్యి.

శనివారం పొద్దున్న నీదైతే ఆదివారం పొద్దున్న ఆమెది. ఆ టైములో ఆమె ఏం చేయాలో నువ్వు చెప్పకూడదు, పడుకున్నా సరే, ఫ్రెండ్సుతో బజారుకెళ్లినా సరే. మధ్యలో "వాడి పాల సీసా ఎక్కడుంది?" అని తలుపు కొట్టావనుకో, నువ్వు ఇచ్చినట్టు కాదు. సీసా ఎక్కడుందో నీకూ తెలిసుండాలి. పి. సత్యవతి గారి 'ఇల్లలకగానే' చదివావా? ఇల్లు అలుకుతూ అలుకుతూ తన పేరే మర్చిపోయిన ఇల్లాలి కథ. చదవకపోతే చదువు, చదివితే మళ్లీ చదువు, ఈసారి రచయితగా కాదు, మొగుడిగా.

మా ఇంట్లోనూ గొడవలు కాకుండా ఏమీ కుదరలేదు. నాది బ్యాంకు కౌంటరు ఉద్యోగం, మా ఆయనకి చెస్ పిచ్చి. ఆయన టోర్నమెంటుకి వెళ్లినప్పుడు పిల్లలు నా దగ్గర, నాకు కథ కుదురుకుంటున్నప్పుడు ఆయన దగ్గర. మార్చిలో, సెప్టెంబరులో బ్యాంకు లెక్కలు ముగించే క్లోజింగ్ వచ్చిందంటే ఇద్దరి మాటా లేదు, ఒక్క వాక్యం రాసేదాన్ని కాదు, దాని గురించి బాధపడేదాన్నీ కాదు. రోజూ రాయకపోతే రచయితవి కావని ఎవరైనా అంటే నవ్వి ఊరుకో, వాళ్లింట్లో ఎవరు వండుతున్నారో కనుక్కో. కారా మాస్టారు రాసినవీ సంఖ్యలో తక్కువే. ఆ తర్వాత ఆయన శ్రీకాకుళంలో కథానిలయం అని తెలుగు కథలకే ఒక లైబ్రరీ పెట్టి (1997లో) ఊళ్లూ పత్రికలూ గాలించి ఇతరుల కథలు పోగుచేస్తూ గడిపారు.

బ్యాడ్మింటన్ మానేస్తానన్నావు, అది అస్సలు వద్దు. రోజంతా కూర్చుని చేసే ఉద్యోగం, ఇంటికొచ్చాక కూర్చుని చేసే రాత, నడుం ఏమైపోవాలి? పైగా గెలిచినా ఓడినా ఎవరూ సమీక్ష రాయని పని ఒకటి మనిషికి ఉండాలి. మానేయాలనుకుంటే వేరేవి ఉన్నాయి. ఆ నాలుగు సాహిత్యం వాట్సాప్ గ్రూపుల్లోంచి మూడింట్లోంచి బయటికి రా. ఆదివారం వస్తే హైదరాబాద్‌లో సాహిత్య సభలు జరిగే గానసభకో సుందరయ్య విజ్ఞాన కేంద్రానికో పరిగెత్తి, ప్రతి పుస్తకావిష్కరణలో శాలువాలు కప్పడం అయ్యేదాకా కూర్చోకు. నేనూ కూర్చున్నదాన్నే, టీ బాగుంటుంది, మనుషులు బాగుంటారు, సాయంత్రం మొత్తం పోతుంది.

ఇంకో చిన్న సంగతి. ఆఫీసు లాప్‌టాప్‌లో కథ రాయకు, అందులో ఉన్నది ఎవరు చూస్తారో నీకే బాగా తెలుసు. క్యాబ్‌లో వస్తున్నప్పుడు తోచినది ఫోన్‌లో తెలుగులో చెప్పి పెట్టుకో, వాయిస్ టైపింగ్ తప్పులతో వస్తుంది గానీ శనివారం పొద్దున్న తెల్ల పేజీ చూసి టెన్షన్ పడక్కర్లేదు.

నువ్వు పంపిన కథ గురించి. మొదటి మూడు పేజీలూ వాన, ఫ్లైఓవరు, ట్రాఫిక్. క్యాబ్ డ్రైవరు తన కూతురు ఫీజు సంగతి ఎత్తిన దగ్గర కథ లేచి కూర్చుంది. అక్కణ్ణుంచి మొదలుపెట్టి, ముందుదంతా తీసేసి, మళ్లీ రాసి సంక్రాంతి వెళ్లాక పంపు. పండగ మూడు రోజులూ మాత్రం రాయకు. అత్తగారింట్లో లాప్‌టాప్ తెరుచుకుని కూర్చున్న అల్లుణ్ణి వెనకేసుకురావడం నావల్ల కాదు.

అక్క